కళాశాల ప్రవేశం – విద్యార్థి అభిప్రాయాలు

విద్యార్థులకు రాజకీయాలు వుండవచ్చునా, కూడదా అన్న చర్చ మనకు కొత్త కాదు. వక్తృత్వపు పోటీలలో ఆ విషయం మీద మాట్లాడని తరం మన కళాశాలల్లో లేదనుకుంటాను. కాని దాని పక్కనే వున్న మరొక ప్రశ్నను మనం సూటిగా వేసుకోలేదు. ఒక విద్యార్థికి ఒక రాజకీయాభిప్రాయం వుంటే, ఆ కారణం చేత అతనికి కళాశాలలో చోటు దొరకకుండా పోతుందా? పోతుందని మన మిత్రులు ఆవేశంగా అంటారు. ఇప్పుడు సీట్లన్నీ కంప్యూటరే పంచుతుంది, కనుక ఆ మాటకే తావు లేదని అధికారులు అంటారు. ఈ రెండు సమాధానాలూ నాకు తృప్తి నివ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పటానికి నా అనుభవంతోనే మొదలుపెట్టవలసి వుంది.

మాది రొద్దం. పెన్న ఒడ్డున వున్న ఊరు. పెన్నలో నీళ్లు చూసిన సంవత్సరాలను మా ఊరివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టి చెప్పగలరు. వేరుసెనగ వేసి ఆకాశం వంక చూసే కుటుంబాల నుండి వచ్చిన పిల్లలు ఇంటరు అయ్యాక పెనుకొండకో, హిందూపురానికో, ధర్మవరానికో డిగ్రీ కోసం వెడతారు. ఆ పట్టణాల్లో ఒకదానిలో నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి. కొన్నేళ్ల క్రితం మా మండలం నుండే ఒక కుర్రవాడు మా కళాశాలకు వచ్చాడు. ఇంటరు చదివేటప్పుడు హాస్టలు భోజనం గురించి జరిగిన ధర్నాలో ముందు కూర్చున్నాడట. అతని స్టడీ అండ్ కాండక్టు సర్టిఫికెట్టులో ప్రవర్తన అన్న చోట "సంతృప్తికరం" అని రాసి వుంది. మిగిలిన పిల్లలందరి కాగితాల్లో అదే చోట "చాలా బాగున్నది" అని వుంది. బయటివాడికి ఈ రెండు మాటలకూ భేదం కనపడదు. కాని మా ఆఫీసు గుమాస్తాకు వెంటనే కనపడింది. ఆయన కాగితాన్ని విడిగా తీసి పెట్టాడు.

సీటు ఆన్‌లైన్‌లో వచ్చింది కనుక సీటును ఎవ్వరూ ఆపలేకపోయారు. ఆగింది హాస్టలు గది. గదులు తక్కువ, అర్జీలు ఎక్కువ. ఎంపిక చేయటానికి ఒక సంఘం వుంది. ఆ సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. "ఈ పిల్లోడు వస్తే రేపు ఇక్కడా పళ్లాలు కొట్టిస్తాడు" అని ఒకరు అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గది రాలేదు. ఆ కుర్రవాడు రోజూ బస్సు మీద వచ్చేవాడు, మొదటి పీరియడు అయ్యాక వచ్చేవాడు. హాజరు తగ్గింది. రెండో సంవత్సరం మధ్యలో మానేశాడు. ఒక రాజకీయాభిప్రాయం వల్ల అతనికి కళాశాలలో ప్రవేశం నిరాకరించబడిందా? లెక్క ప్రకారం లేదు. మా రికార్డులలో అతను చేరినవాడే, తనంతట తాను మానుకున్నవాడే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది అంతా ఈ సంఘటనలోనే వుంది. అభిప్రాయాన్ని శిక్షించేవాళ్లు ఆ మాటను ఎప్పుడూ పైకి చెప్పరు. ఎక్కడ మనిషి ఇష్టానికి చోటు వుందో అక్కడ దానిని వాడుకుంటారు. నియమం కచ్చితంగా వున్న చోట వాళ్లకు చేతులు ఆడవు. కనుక మనం వాదించవలసింది ఫలానా అభిప్రాయం తరఫున కాదు, ఆ ఇష్టానికి వున్న చోటును తగ్గించటం కోసం. ఈ మాట మన వాళ్లకే ఎక్కువ చేదుగా వుంటుందని నాకు తెలుసు. దాని సంగతి తరువాత చెబుతాను.

చరిత్రలో ఇది దాపరికం లేకుండా జరిగిన రోజులు వున్నాయి. 1905 అక్టోబరులో బెంగాలు ప్రభుత్వం కార్లైల్ పేరున ఒక సర్క్యులరు పంపింది. విద్యార్థులు స్వదేశీ సభలకు వెళ్లకుండా చూడని విద్యాసంస్థలకు గ్రాంటులు ఆపుతామనీ, ఉపకారవేతనాలు తీసేస్తామనీ బెదిరించింది. విద్యార్థిని నేరుగా కొట్టక, అతని ఉపాధ్యాయుని జీతం మీద చెయ్యి వేసి ఉపాధ్యాయుని చేత కొట్టించే ఈ పద్ధతి అప్పటినుండి ఎంత ఉపయోగపడుతూ వచ్చిందో అధ్యాపకులకు నేను వివరించనక్కరలేదు. రెండేళ్లకు అది మన దేశానికీ వచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసించాడు. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వారిని కళాశాల నుండి వెళ్లగొట్టాడు. ఆ గొడవలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుండి వెళ్లగొట్టబడినవాడు మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హుడని కూడా ఆయన మీద ముద్ర వేశారు. మరుసటి సంవత్సరమే "స్వరాజ్య" పత్రికలో వచ్చిన రాత మీద ఆయనకు కఠిన శిక్ష పడింది. బడి చెప్పటానికి పనికిరాడని ప్రభుత్వం తీసేసిన ఈ మనిషి తరువాత తన జీవితంలో పెద్ద భాగాన్ని గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ధారపోశాడు. దొరలు చేతిలోనుండి సర్టిఫికెట్టు లాక్కోగలిగారు కాని ఆయన చదువు చెప్పటాన్ని ఆపలేకపోయారు.

1938 చివరలో నైజాం రాజ్యంలో అదే పాట మీద ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థులను వందల సంఖ్యలో బహిష్కరించింది. ఈ సందర్భంలో మనం మరువకూడని వ్యక్తి నాగపూరు విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడు కేదార్. ఆయన ఆ పిల్లలకు తన విశ్వవిద్యాలయం తలుపులు తీశాడు. అలా నాగపూరుకు వెళ్లినవారిలో పి. వి. నరసింహారావు ఒకరు. ఆయన తరువాతి రాజకీయాలతో మనకు పేచీ వుంది. చాలా పెద్ద పేచీ వుంది. అయినా ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక విశ్వవిద్యాలయం మూసిన తలుపును ఇంకొకటి తీయగలిగింది. దేశంలో ఒకే రికార్డు, ఒకే తెర, ఒకే ముద్ర అయిన నాడు నాగపూరు ఎక్కడుంటుంది?

మన సాహిత్యం ఈ విషయాన్ని ఎలా చూసింది? తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక ఈ మాట చెప్పక తప్పదు. మన నవలలో విద్యార్థి కళాశాలను తానే వదులుతాడు. మహీధర రామమోహనరావుగారి "కొల్లాయిగట్టితేనేమి?" తీసుకోండి. అందులో రామనాథం గాంధీ పిలుపు విని చదువు మానుకుని ఊరికి వస్తాడు. అది గొప్ప నవల, అందులో సందేహం లేదు. కోనసీమ బ్రాహ్మణ కుటుంబాల లోపల జాతీయోద్యమం తెచ్చిన కదలికను అంత శ్రద్ధగా చూపినవారు తక్కువ. కాని చదువును వదలగలవాడు చదువు తనదిగా వున్నవాడు. ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కినవాడికి, కులం చేత తరతరాలుగా అక్షరం అందనివాడికి, చదువు మానుకోవటం త్యాగంగా కనపడదు. అతని తల్లికి అసలే కనపడదు. అభిప్రాయం వుంచుకుంటూనే సీటూ నిలుపుకోవాలనుకునే విద్యార్థిని, ఆ రెండింటి మధ్య రోజూ నలిగేవాణ్ణి నాయకుణ్ణి చేసిన తెలుగు నవల నేను చదివినంతలో నాకు తారసపడలేదు. మనం త్యాగాన్ని కీర్తించటంలో మునిగి, తెలియకుండానే ఆ విద్యార్థిని పిరికివాడి కింద జమకట్టాము. నేను హాస్టలు సంఘంలో నవ్విన నవ్వులో ఈ సాహిత్య సంస్కారానికి కూడా కొంత పాలు వుందేమో!

ఇక రాజ్యాంగం. 29వ అధికరణం రెండవ క్లాజు, ప్రభుత్వం నడిపే లేక ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలో మతం, జాతి, కులం, భాష అన్న కారణాల మీద మాత్రమే ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని చెబుతుంది. ఆ జాబితాను మెల్లగా మళ్లీ చదవండి. రాజకీయాభిప్రాయం అందులో లేదు. 19వ అధికరణంలో భావప్రకటనకూ సంఘాలు పెట్టుకోవటానికీ హక్కు వుంది, 14వ అధికరణంలో సమానత్వం వుంది. కనుక అభిప్రాయం వల్ల సీటు పోయిందని రుజువు చేయగలిగితే న్యాయస్థానం వినకపోదు. కష్టమంతా రుజువులోనే వుంది. మార్కుల జాబితా వున్న చోట రుజువు కాగితం మీద దొరుకుతుంది. మౌఖిక పరీక్షలో అది గాలిలో కలిసిపోతుంది.

మౌఖిక పరీక్ష మీద రెండు తీర్పులు మనకు ఉపయోగపడతాయి. మొదటిది మన పొరుగుది. రొద్దం నుండి కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం కాదు. 1964లో మైసూరు రాష్ట్రపు వైద్య, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశాల మీద చిత్రలేఖ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రధానమైన తీర్పు రాసినవారు రాజమహేంద్రవరంవారైన కోకా సుబ్బారావుగారు. అక్కడి ప్రభుత్వం ఇంటర్వ్యూకు ఐచ్ఛిక విషయాల గరిష్ఠ మార్కులలో నూటికి 25 వంతున పెట్టింది. సామాన్య జ్ఞానం, వ్యక్తిత్వం, ఎన్.సి.సి. వంటివి చూడమంది. ఇంటర్వ్యూ పద్ధతి దుర్వినియోగం కావచ్చునన్న మాట కోర్టుకు తెలియనిది కాదు. అయినా దుర్వినియోగం జరిగే వీలు వున్నంత మాత్రాన పద్ధతే చెల్లదనలేమని ఒప్పుకుంది. "వ్యక్తిత్వం" అన్న మాటలో ఎవరి ఇల్లు, ఎవరి యాస, ఎవరి చొక్కా కొలత అవుతుందో మన పల్లెల నుండి వెళ్లిన పిల్లలకు తెలుసు.

రెండవది 1980 నవంబరులో వచ్చిన అజయ్ హాసియా కేసు. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో రాతకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి, తల్లిదండ్రులెవరు, ఇల్లెక్కడ వంటి ప్రశ్నలు వేసి ఆ 50 మార్కులు పంచారని విద్యార్థులు ఫిర్యాదు చేశారు. మౌఖికానికి నూటికి 15కు మించి ఇవ్వటం ఇష్టారాజ్యమేనని కోర్టు అన్నది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది. ఈ సూచనను మన కళాశాలలు ఎంత బాగా మరిచిపోయాయి!

మరిచిపోవటమే కాదు, వెనక్కు నడిచిన సందర్భమూ వుంది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2016లో ఇచ్చిన నియమాల ప్రకారం పరిశోధన ప్రవేశాలకు రాతపరీక్ష ఒక గడప మాత్రమే. అది దాటినవారిని ఇంటర్వ్యూ మీదనే ఎంపిక చేయాలి. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో దీనిమీద పెద్ద ఆందోళన జరిగింది. విద్యార్థులు చెప్పింది ఒకే మాట: రాతలో మార్కులు తెచ్చుకున్న దళిత, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు మౌఖికంలో మార్కులు పడిపోతున్నాయి, ఇంటర్వ్యూ బరువు తగ్గించండి. 2018లో నియమాన్ని 70కి 30గా మార్చవలసి వచ్చింది. పరిశోధన విద్యార్థి అంటే ఒక అంశం ఎన్నుకుని, దానిమీద ఒక వైఖరి తీసుకుని వచ్చేవాడు. అభిప్రాయం బయటపడక తప్పని ప్రవేశం అది. అక్కడే మనిషి ఇష్టానికి ఎక్కువ చోటు ఇచ్చారు.

లోపలికి వచ్చాక జరిగేదాన్ని వేరుగా చూడటం కూడా నాకు సరి అనిపించదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రవేశాన్ని ఎవరూ ఆపలేదు. అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేసినవాడు. ఒక గొడవ తరువాత అతనితో కలిపి అయిదుగురు దళిత పరిశోధకులను హాస్టలు నుండి వెళ్లగొట్టారు. 2016 జనవరి 17న అతను ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త చదివిన రోజున, హాస్టలు గది అన్నది పేద విద్యార్థికి ఏమిటో నాకు అర్థమయిందనుకున్నాను. తరువాత కొన్నేళ్లకు మా సంఘంలో నేను నవ్వాను. అర్థం కావటం వేరు, సమయానికి నోరు పెగలటం వేరు.

ఇప్పుడు మన వాళ్ల సంగతి. ఆ మధ్య ఒక సభలో ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు: మార్కుల పద్ధతి డబ్బున్నవాడిది, కోచింగు కొనుక్కోగలవాడిది, కనుక ప్రజాఉద్యమాలలో పనిచేసిన విద్యార్థికి, సామాజిక స్పృహ వున్న విద్యార్థికి ప్రవేశంలో మొగ్గు ఇవ్వాలి. చప్పట్లు బాగా పడ్డాయి. మొదటి సగం నిజం. మా మండలం పిల్లవాడికీ విజయవాడ కార్పొరేటు కళాశాల పిల్లవాడికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి సమానత్వం అనటం బూటకమే. కాని రెండవ సగం ప్రమాదకరం. స్పృహకు మార్కులు వేసేది ఎవరు? ఈ రోజు ఆ కుర్చీలో మన మిత్రుడు కూర్చుంటాడు. రేపు ఇంకొకరు కూర్చుని, ఇంకొక స్పృహకు మార్కులు వేస్తారు. బల్ల అదే, గడి అదే.

ఇది నా ఊహ కాదు. చైనాలో 1970 నుండి 1976 వరకు కార్మిక, కర్షక, సైనిక విద్యార్థులన్న పేరున సిఫారసు మీద విశ్వవిద్యాలయ ప్రవేశాలు జరిగాయి. ఉద్దేశం మంచిదే, పొలంలో పనిచేసినవాణ్ణి తరగతిలో కూర్చోబెట్టాలన్నది. కాని సిఫారసు వుంటే సిఫారసు చేసేవాడు వుంటాడు. రాజకీయ విశ్వాసం పేరున అధికారుల పిల్లలు ముందు తోవ పట్టారు. కుటుంబ పూర్వాపరాలు బాగాలేనివాళ్లు ఎంత చదివినా బయటే నిలబడ్డారు. 1977 చివరలో ప్రవేశ పరీక్ష తిరిగి పెడితే 57 లక్షలమంది వచ్చి రాశారు. దొరికిన సీట్లు మూడు లక్షలు కూడా కావు. అంతమంది ఎందుకు వచ్చారు? తమను ఎవరి దయా లేకుండా చూసే కాగితం ఒకటి దొరికినందుకు. తూర్పు జర్మనీలో యువజన సంఘంలో చేరని పిల్లలకు, పాస్టర్ల పిల్లలకు ఉన్నత విద్య దొరకటం ఎంత కష్టమయిందో కూడా మనం చదివి వుండవలసింది. మన శత్రువులు చెబుతారు కనుక మనం వినకూడదన్నది వాదం కాదు.

కోచింగు అన్యాయానికి మందు వేరే వుంది. కులాన్నిబట్టి, జిల్లాను బట్టి, చదివిన బడిని బట్టి, తండ్రి ఆదాయాన్నిబట్టి మొగ్గు ఇవ్వవచ్చును. ఇవన్నీ కాగితం మీద తేలే సామాజిక వాస్తవాలు. వెనుకబడిన జిల్లాల నుండి వచ్చినవారికి అదనపు మార్కులు కలిపే పద్ధతి ఆ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనే చాలాకాలం నడిచింది. రిజర్వేషనూ ఇలాంటిదే. అది ఎవరి తలలోకీ తొంగిచూడదు.

ఈ విషయంలో నాకు దారి చూపిన తీర్పు ఒకటుంది. అది రాసినవారు మన జిల్లాకు చెందిన ఓ. చిన్నప్పరెడ్డిగారు. 1983 నాటి రామశంకర్ రఘువంశీ కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుణ్ణి పోలీసు రిపోర్టు మీద ఉద్యోగం నుండి తీసేశారు. రిపోర్టులో వున్న నేరం, అతను ఆర్.ఎస్.ఎస్., జనసంఘం కార్యక్రమాలలో పాల్గొన్నాడని. చిన్నప్పరెడ్డిగారు ఏ ఆలోచనల మనిషో న్యాయశాస్త్రం చదివినవారికి తెలుసు. ఆ సంస్థలంటే ఆయనకు ప్రేమ లేదు. అయినా చట్టం నిషేధించని సంస్థలో పనిచేసినందుకు ఒకడి ఉద్యోగం తీయటం రాజ్యాంగానికి విరుద్ధమని ఆయన నిష్కర్షగా చెప్పారు. ఈ తీర్పును నేను మా విద్యార్థులకు తెలుగులో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "వాళ్ల చేతికి వస్తే మనల్ని ఇట్లే చూస్తారా సార్?" అని అడిగింది. చూడకపోవచ్చునని చెప్పాను. తీర్పు మంచిదయింది వాళ్లు చూస్తారని కాదు.

ఇదంతా పాత కథ అనుకునేవారికి ఒక కొత్త సంగతి చెప్పాలి. నా పాత విద్యార్థి ఒకడు పై చదువుకు అమెరికా వెళ్లాలని సిద్ధపడ్డాడు. మా వైపు ఎకరాలు తాకట్టు పెట్టి పిల్లలను పంపటం ఇప్పుడు మామూలయింది. విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది. మిగిలింది వీసా. వీసా అర్జీలో గత అయిదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు రాయాలన్న నియమం 2019లోనే వచ్చింది. 2025 జూన్‌లో విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనపడేటట్టు తెరిచి పెట్టాలన్నారు. ఈ కుర్రవాడు ఫేస్‌బుక్కులో గాజా మీద ఒక కవిత రాశాడు. నా తరగతిలో నేర్చుకున్న ఛందస్సుతోనే రాశాడు. ఫోను నా చేతికిచ్చి, "ఇది ఉంచల్లా, తీసెయ్యల్లా సార్?" అన్నాడు. వాళ్ల నాయన బయట మెట్లమీద కూర్చుని వున్నాడు. తాకట్టు కాగితం ఆయన జేబులో వుంది.

కర్తవ్యబోధ చేయటానికి నాకు నోరు రాలేదు. "నీ ఇష్టం నాయనా" అన్నాను. అతను నా ముందే తీసేశాడు. వీసా వచ్చింది. కవిత వుంటే రాకపోయేదా? ఎవరూ చెప్పలేరు, అసలు పట్టు అక్కడే వుంది. కార్లైల్ సర్క్యులరు కాగితం మీద వుంది కనుక దానితో దెబ్బలాడారు. ఇక్కడ ఎవరూ ఏమీ చేయకుండానే కుర్రవాడు తన కవితను తానే చెరిపేసుకున్నాడు.

అమెరికాను నేనేమీ చేయలేను. ప్రవర్తన అన్న గడిని చేయగలనేమో చూస్తున్నాను. ఆ గడిలో విశేషణాలు రాయకూడదనీ, విచారణ జరిపి, విద్యార్థి సంజాయిషీ విని, లిఖితంగా విధించిన శిక్ష వుంటే దాని తేదీతో సహా రాయాలనీ, లేకపోతే "శిక్షలు లేవు" అని మాత్రమే రాయాలనీ, హాస్టలు గదులు ఇంటి దూరాన్నిబట్టి, ఆదాయాన్నిబట్టి ఇచ్చి, ఆ జాబితాను గోడకు అంటించాలనీ ఒక అర్జీ రాశాను. మా కళాశాలలో ఇప్పటికి నలుగురు సంతకాలు చేశారు. వారిలో ఒకరు మన అభిప్రాయాలకు పూర్తిగా వ్యతిరేకి. ఆయన తమ్ముడి కాగితం మీద కూడా ఒకప్పుడు "సంతృప్తికరం" అనే పడిందట. ఆ రోజు హాస్టలు సంఘంలో పళ్లాల మాట అన్న పెద్దమనిషి అర్జీని తన దగ్గర వుంచుకున్నాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.